తెల్ల గలీబులు

అన్యాయం జరిగింది ఎవరికి? బట్టలుతికే లచ్చమ్మకు. ఎలా జరిగింది? చేయని తప్పుకు పదహారు ఇళ్లవాళ్ల ముందు నిలబెట్టి, చేతులు చాపించి, ఆ చేతుల వాసన చూసి, ఇక ఈ గేటు దాటి లోపలికి రావద్దని కాగితం మీద టైపు చేసి అంటించడం వల్ల జరిగింది. చేసింది ఎవరు? ఈ మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అప్పలలక్ష్మిగారి ఆలోచన మూడు రోజులుగా చెప్పు తెగిన మనిషిలా ఆగిపోతోంది. అసోసియేషన్ చేసిందని రాసిన కాగితం ఆమె ఒళ్లోని గోధుమరంగు కవరులో ఉంది. వాక్యం చక్కగానే కుదిరింది. నిజం మాత్రం ఆ వాక్యంలో సగమే పట్టింది.

ఆదివారం ఉదయం పది గంటలకు సర్వసభ్య సమావేశమని నోటీసు. పదీ ఐదుకు తిరుమలగిరిలోని ఆ నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు సెల్లారులో ఇరవై నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, ఆ బల్ల వెనక అప్పలలక్ష్మిగారు, అంతే. తొమ్మిది ఇళ్లవాళ్లు వస్తే గాని సమావేశం మొదలు కాకూడదన్నది ఆమె పెట్టిన నియమమే. డెబ్బై రెండేళ్ల మనిషి, తొమ్మిదేళ్లుగా కార్యదర్శి, అంతకుముందు ముప్పై నాలుగేళ్లు రైల్వే ఆఫీసులో క్రమశిక్షణ విచారణల కాగితాలు తయారుచేసిన మనిషి. ఎదుటివాడికి చెప్పుకునే అవకాశం ఇవ్వని అభియోగం చెల్లదని కొత్తగా చేరిన గుమాస్తాలకు నేర్పింది ఆమే. ఇచ్చాను కదా, లచ్చమ్మకు అవకాశం ఇచ్చాను కదా, అని మనసు వెంటనే లేచి నిలబడింది. ఇచ్చావు, చెప్పుకుంది, ఆమె చెప్పుకున్నదే నీకు కోపం తెప్పించింది, అని అదే మనసు కూర్చోబెట్టింది. వాచ్‌మన్ పర్వతాలు కుర్చీలు తుడుస్తూ తుడుస్తూ ఆమె దగ్గరికి వచ్చి, "పంకా పెట్టాల్నా మేడమ్? చెమటలు గారుతున్నయి మీకు" అన్నాడు. వద్దంది. చెమట పడితే పట్టనీ. పంకా తిరిగితే కాగితాలు ఎగురుతాయి, ఎగరకూడని కాగితం ఒకటి ఆ కవరులో ఉంది, కవరులోనే ఒక మెరూన్ రంగు దిండు గలీబు కూడా ఉంది, దాని మీద, నిద్రలో చెంప ఆనేచోట, నారింజ తొక్క రంగులో అరచేయంత మచ్చ.

పర్వతాలు నేల కడగడానికి బకెట్టులో చల్లిన పొడి వాసన బల్ల దాకా వచ్చింది. బ్లీచింగ్ పొడి. ఆ వాసనకు మూడేళ్లు ఒక్క అడుగులో వెనక్కి వెళ్లాయి. 2005 జూన్ పంతొమ్మిది, అది కూడా ఆదివారమే, ఇదే సెల్లారు, ఇదే బల్ల. బల్ల మీద వరసగా పరిచినవి, అన్నీ తన ఇంటివే, రెండు మెరూన్ గలీబులు, ఒక నీలం తువ్వాలు, మెడ దగ్గర రంగు వెలిసిన ఆకుపచ్చ నైటీ. ప్రతి దాని పక్కన చిన్న చీటీ, చీటీ మీద తేదీ. సాక్ష్యాలు అలా పెట్టడం ఆమెకు ఇష్టం, అలా పెట్టినప్పుడు న్యాయం దానంతటదే నడుచుకుంటూ వస్తుందని ఆమె నమ్మకం. మూడో స్తంభం దగ్గర లచ్చమ్మ, కొంగు నడుముకు బిగించి, తడి చేతులు తుడుచుకుంటూ, పనిలోంచి పిలిస్తే వచ్చిన మనిషి నిలబడినట్టు ఒక కాలి మీద బరువేసి నిలబడింది. చేతులు చాపమంది అప్పలలక్ష్మి. లచ్చమ్మ చాపింది. ముందుకు వంగి వాసన చూసింది. బ్లీచింగ్ వాసన. ఇంకేం కావాలి? "తెల్లటి బట్టలకే ఏస్తనమ్మా, రంగు బట్టలకు ఏసెటందుకు నేనేమన్న పిస్సదాన్నా?" అంది లచ్చమ్మ, భయపడకుండా. భయపడి ఉంటే వదిలేసేదేమో. "పొడి వడితే బట్టంతా వడ్తదమ్మా, చుక్కలు చుక్కలు వడ్తది. గిట్ల ఒక్క తావునే, చెంప ఆనిన కాడనే ఎందుకు వడ్తది? తువ్వాలకు నడుమనే ఎందుకు పోతది? నా చేతులల్ల ఏం లేదమ్మా." అప్పుడు ఆగి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు గొంతు తగ్గించి, ఆ ఒక్క ప్రశ్న అడిగింది. "మీ పాప మొకానికి ఏమన్న పూస్తదా?"

గొంతు తగ్గించింది. అది గుర్తుంచుకోవాలి. అవమానించాలనుకున్న మనిషి గొంతు తగ్గించదు. కానీ సెల్లారులో మాట తగ్గదు, నాలుగు గోడలకూ తగిలి తిరిగి వస్తుంది. మెట్ల మీద భానుప్రియ ఉంది. కొడుకు దేముడుబాబు కూతురు, విశాఖపట్నం నుంచి ఇంజనీరింగు చదవడానికి మామ్మ ఇంటికి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్ల. పదహారు ఇళ్లవాళ్లూ ఒక్కసారి మెడలు తిప్పి ఆ పిల్ల ముఖం చూశారు. పిల్ల వెనక్కి తిరిగి మెట్లెక్కి పోయింది. ఆ వీపు, జడ పక్కకు జరిగిన ఆ చిన్న వీపు, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్నప్పుడు అప్పలలక్ష్మి చేతిలో పెన్సిలు విరిగింది. "నీ తప్పు కప్పుకోవడానికి పసిపిల్ల ముఖం కావలసి వచ్చిందా?" అంది. ఎంత బాగా అంది. అందరూ తలలూపారు. లచ్చమ్మ తల ఊపలేదు. "నేను అట్ల అనలే అమ్మా. గిట్ల అందరి ముంగట నన్ను అన్నరు గద, రేపు నా మాటే నిజమని తెలిస్తే?" అంది. అప్పుడు అప్పలలక్ష్మి, కాన్వెంటులో అబ్బిన స్పష్టమైన ఉచ్చారణతో, ప్రతి మాటా వేరువేరుగా పలుకుతూ, "తెలిస్తే ఇదే చోట, ఇందరి ముందూ నేనే నిలబడి చెబుతాను" అంది. మాట ఇచ్చింది. సంతకం లేని బాకీ.

పదీ ఇరవై. మూడిళ్లవాళ్లు వచ్చారు, కుర్చీలు వెనక్కి లాక్కుని కూర్చున్నారు, అపార్ట్‌మెంట్ల ధరల గురించి మాట్లాడుకుంటున్నారు, ఐటీ వాళ్ల పుణ్యాన పన్నెండు లక్షల ఫ్లాటు ముప్పై అయిందని. అయితే కానీ. ఆమెకు ఫ్రిజ్ తలుపు తెరిచినప్పటి చల్లదనం గుర్తొచ్చింది. భానుప్రియ ముఖానికి రాసే జెల్ గొట్టం వెన్న పెట్టుకునే అరలో, మూత ఉన్న స్టీలు డబ్బాలో ఉండేది. ఎవరూ చూడకూడదని. ప్యారడైజ్ దగ్గర చర్మ వైద్యుడు చీటీ మీద రాసిచ్చాడు, రెండు మందులు కలిపిన జెల్, ఒకటి మొటిమల్లో క్రిముల్ని చంపుతుంది, రెండోది క్రిముల్ని చంపుతూ మూసుకుపోయిన రంధ్రాలను తెరుస్తుంది, వేరువేరుగా రాసేకంటే కలిసి ఉంటే బాగా పనిచేస్తాయమ్మా, రాత్రిపూట పలచగా, డబ్బాలో కాగితం ఉంటుంది పూర్తిగా చదవండి, అన్నాడు. చదవమని ఆమెకు ఒకరు చెప్పాలా? ముఖం కడిగి, తుడిచి, ఇరవై నిమిషాలు ఆరబెట్టి, బఠాణీ గింజంత వేలి మీద తీసుకుని, నుదురు, చెంపలు, గడ్డం, చుక్కలు పెట్టి పులమడం. మొదటి వారం పిల్ల ముఖం ఎర్రబడి పొరలు పొరలుగా లేచిపోయింది. మంట మామ్మా, అనేది. ఓర్చుకో, అనేది తను. పిల్ల కళ్లు మూసుకుని ముఖం ఎత్తి కూర్చుంటే, ఆ చెంపల మీది గుల్లలు, మానినవీ మానుతున్నవీ కొత్తగా లేస్తున్నవీ, ఒక్కొక్కటి వేలికి తెలిసేవి. కాలేజీలో పిల్లలు ఒక పేరు పెట్టారట, ఆ పేరు పిల్ల చెప్పలేదు, తను అడగలేదు. ఈ సంగతి గడప దాటకూడదు, అనుకుంది. ఎవరు అనుకున్నారు? పిల్ల అనుకుందా, తను అనుకుందా? మొన్న రాత్రి షిఫ్టు ముగించుకుని కంపెనీ కారు దిగి వచ్చిన భానుప్రియను కూర్చోబెట్టి అడిగితే, చెప్పులు విప్పుతూనే అంది, "మొటిమలకి నాకేటి సిగ్గు మామ్మా? మా టీములో సగం మందికున్నాయి. డబ్బాలో దాసింది నువ్వు. నీకే సిగ్గు."

నీకే సిగ్గు. ఎంత సులువుగా అంది, నిద్రమొహంతో, మెడకు తగిలించుకున్న ఆఫీసు బిళ్ల తీసేస్తూ.

104 హిమజ వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగి, ఆరు నెలల కింద అద్దెకు దిగిన అమ్మాయి, కుర్చీలో కూర్చోకముందే ఫోను తీసింది. "ఆంటీ, మన కంప్లెయింట్ ఫస్ట్ తీసుకుంటారా? నాకు పన్నెండుకు కాల్ ఉంది." మన కంప్లెయింట్. అజెండాలో మూడోది. తువ్వాళ్లు, దిండు గలీబులు రంగు పోతున్నాయని, ఇప్పుడు బట్టలుతికే కామరాజును తీసేయాలని. కామరాజు అప్పుడే వచ్చి ఇస్త్రీ బల్ల వెనక, మీటరు పెట్టెల కింద, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడి ఉన్నాడు, చేతులు వెనక కట్టుకుని. ఆ చేతుల్ని రేపు ఎవరు వాసన చూస్తారు? గురువారం సాయంత్రం విచారణ కోసం హిమజ ఇంటికి వెళ్లింది అప్పలలక్ష్మి, చూడకుండా ఏదీ నిర్ణయించకూడదు కనుక. నీలం తువ్వాలు చేతికిచ్చింది అమ్మాయి. నడుమ నారింజ మచ్చ. స్నానాల గది అద్దం కింద అరలో, పళ్ల పేస్టు పక్కన, దాచుకోకుండా, బయటికే, అదే రకం జెల్ గొట్టం. అమ్మాయి ముఖం చూసింది. గడ్డం మీద రెండు, చెంప మీద ఒకటి. ఏమీ అనకుండా మెట్లెక్కి మూడో అంతస్తుకు వచ్చి, తలుపు గడియ పెట్టి, వైద్యపు కాగితాల ఫైలు తీసింది. చీటీలన్నీ తేదీల వారీగా కుట్టి ఉన్నాయి. 2005 మే. మడతలు పడిన పలచని కాగితం, చీమల బారు లాంటి ఇంగ్లీషు అచ్చు. స్కేలు పెట్టి ఎర్ర పెన్సిలుతో గీసిన గీతలు తనవే. ఎండలో తిరగరాదు, గీత. కళ్లకు తగలనీయరాదు, గీత. జుట్టుకు, రంగు బట్టలకు తగిలితే రంగు వెలిసిపోవచ్చును. గీత. వంకర లేని, తిన్నని, స్కేలు పెట్టిన గీత. అడుగున తన అక్షరాల్లో, చదివితిని, 28-5-2005.

ఇరవై రెండు రోజుల ముందు. విచారణకు సరిగ్గా ఇరవై రెండు రోజుల ముందు ఆ వాక్యం కింద గీత గీసింది. చదివిన వాక్యం బుర్రలోకి పోకపోవచ్చు, మనిషి అన్నాక మరుపు ఉంటుంది, వయసు ఉంటుంది, అని గురువారం నుంచి ఆమె తన తరఫున తానే వాదించుకుంటోంది. ఆఫీసులో ఎవరైనా ఇలా వాదిస్తే ఆమె ఏం రాసేది? సమర్థన సంతృప్తికరంగా లేదు, అని రాసేది.

విశాఖపట్నం కాన్వెంటులో సిస్టర్ ఆలిస్ రోజూ ప్రార్థనకు ముందు వరస మధ్య నడుస్తూ, చేతులు, అనేది. నలభై జతల చేతులు ముందుకు వచ్చేవి. ఒకరోజు ప్రార్థనామందిరం గుడ్డ మీద సిరా ఒలికింది, అప్పలలక్ష్మి చేతికి సిరా ఉంది, రూళ్లకర్రతో రెండు దెబ్బలు. పదకొండేళ్లు. నేను కాదు సిస్టర్, అంటే మూడో దెబ్బ. మరునాడు సిరా ఒలికించింది కిటికీలోంచి వచ్చిన పిల్లి అని తేలింది. సిస్టర్ ఆలిస్ రెండు వందల మంది ముందు, అదే వేదిక ఎక్కి, అదే గొంతుతో, నిన్న నేను ఈ పిల్లను అకారణంగా కొట్టాను, తప్పు నాది, అని చెప్పి, దిగి వచ్చి, ఆ చేతుల్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఆ రోజు నుంచే న్యాయం అంటే ఏమిటో తనకు తెలుసునని అప్పలలక్ష్మి అనుకుంటూ వచ్చింది. కొట్టిన చోటే, కొట్టినంత గట్టిగా, వెనక్కి తీసుకోవడం. అరవై ఏళ్లు ఆ సంగతి ఎందరికి చెప్పింది! ఒక్క తేడా మాత్రం చెప్పలేదు, ఎందుకంటే మొన్నటిదాకా ఆ తేడా అవసరం రాలేదు. సిస్టర్‌కు తెలియదు. మరునాడు తెలిసింది, మరునాడే చెప్పింది.

పదీ నలభై. ఏడిళ్లు. రాఘవేందర్ వచ్చాడు, అసోసియేషన్ అధ్యక్షుడు, పుట్టిపెరిగింది లాలాపేట, ఉన్నచోటల్లా గది నిండిపోయే మనిషి. "నమస్తే మేడమ్. జెర జల్ది కానిద్దాం, ఇంట్ల చుట్టాలున్నరు. మూడో ఐటమేంది? ఆ కామరాజు ముచ్చటనా? తీసెయ్యండి, ఖతం. పోయినసారి సుత ఒకామెను తీసేసినం గద, ఏం పరేషాన్ కాలే." ఏం పరేషాన్ కాలేదు. ఎవరికి? మెట్ల కింద గదిలో పదేళ్లు ఉన్న లచ్చమ్మా ఆమె భర్త జంగయ్యా ఆ నెలాఖరుకల్లా గది ఖాళీ చేశారు. నోటీసు బోర్డు మీద ఆ కాగితం నలభై రోజులు ఉంది, అచ్చుతప్పు ఒక్కటీ లేని కాగితం. పక్క అపార్ట్‌మెంటు వాళ్లు వచ్చి చదివారు, ఆ పక్కవాళ్లకు చెప్పారు, బట్టలు పాడుచేసే మనిషని పేరు పడిన చాకలికి ఇక మూట ఎవరిస్తారు. ఇస్త్రీ బండి అమ్మేశారు. ఊరి చివర కాప్రాకు పోయారు.

కాప్రా. నిన్న సాయంత్రం. వద్దు, ఇప్పుడు కాదు. కానీ మనసు అటే పోయింది, మూడు రోజులుగా చుట్టూ తిరిగి తప్పించుకున్న చోటికే. చెరువు వెనక సందు, రేకుల గది, వాకిట్లో సిమెంటు గట్టు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని చేసి అప్పుడే వచ్చిన లచ్చమ్మ గట్టు మీద నీళ్లు చల్లుతోంది. చూసి ఆశ్చర్యపడలేదు. "రాండ్రి. కూసోండ్రి" అని పీట వేసింది. గలీబు తీసి చూపిస్తే చేతిలోకి తీసుకుని, మచ్చ వైపు చూడకుండా, ముందు మూల తిప్పి చూసింది, జీడిగింజ రసంతో పెట్టిన నల్లటి గుర్తు కోసం. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి వాళ్లు పెట్టుకునే గుర్తు. "మూడు చుక్కలు, ఒక గీత. మీ ఇల్లే. నా గుర్తే" అంది.

"నువ్వు చెప్పిందే నిజం లచ్చమ్మా. పిల్ల ముఖానికి రాసే మందు వల్లే రంగు పోయింది. మొన్ననే తెలిసింది నాకు."

"మొన్ననా?" అంది లచ్చమ్మ. గలీబు ఒళ్లో పెట్టుకుంది. "జంగయ్య ఇస్త్రీ పెట్టె తీస్కపోనీకి వచ్చిన దినం నేను సుత వచ్చిన. గేటు కాడ నిలవడి పైకి చూసిన. మీ బాల్కనీల తీగ మీద ఆరు గలీబులు. తెల్లటియి, కొత్తయి. మీ ఇంట్ల తెల్లటియి ఎన్నడు లేకుండె. పదేండ్లు ఉతికినదాన్ని, నాకెర్క లేదా? గప్పుడే సమజయింది, మీకు సుత సమజయిందని."

చెరువు మీద కొంగ ఒకటి లేచి మళ్లీ అక్కడే వాలింది. దాన్ని చూస్తూ కూర్చుంది అప్పలలక్ష్మి. "మరి వచ్చి అడగలేదేం?" అంది. అడగకూడని ప్రశ్న అని అడిగాక తెలిసింది.

"అడిగి తీస్కునేదా గది? మీ అంతల మీరు చెప్తరేమో అని చూసిన. ఏడాది చూసిన. అటెంక చూసుడు బంజేసిన."

"రేపు మీటింగులో చెబుతాను. నువ్వు రావాలి."

"వస్త. ఆదివారం నాకు పనిలేదు. కని మొత్తం చెప్తరా అమ్మా, మొన్ననే తెల్సిందని చెప్తరా?" నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఆరు తెల్ల గలీబులు. మోండా మార్కెట్టులో, గొడుగుల కొట్టు పక్కన దుప్పట్ల కొట్టులో, జూన్ ఇరవై, సోమవారం. కొట్టువాడు రంగువి చూపించాడు, పువ్వులవి, గళ్లవి, మాసినా కనపడవమ్మా, అన్నాడు. తెల్లవి చూపించు, అంది. మాసిపోతాయమ్మా తెల్లవి, అన్నాడు. తెల్లవే, అంది. ఎందుకు తెల్లవి? ఆ చెయ్యికి ఎలా తెలుసు, ఏది ఎంచుకోవాలో? మనసుకు తెలియకపోతే చెయ్యికి ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత తువ్వాళ్లు తెల్లవి, నైటీలు తెల్లవి. లచ్చమ్మ పోయాక మచ్చలు ఆగిపోయాయని ఇరుగుపొరుగు అన్నప్పుడు అవునంది. ఆగలేదు. తెల్ల బట్ట మీద కనిపించలేదు, అంతే. ఇంకా వెనక్కి వెళ్లు. సోమవారానికి ముందు ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు నోటీసు టైపు చేస్తూ, రంగు బట్టలు అన్న మాట దగ్గర వేళ్లు ఆగాయి. ఎందుకు ఆగాయి? ఇంకా వెనక్కి. మీ పాప మొకానికి ఏమన్న పూస్తదా, అని లచ్చమ్మ గొంతు తగ్గించి అడిగిన ఆ క్షణం. ఆ క్షణమే పలచని కాగితం మీది ఎర్రగీత కళ్ల ముందు మెరిసింది. కోపం వచ్చింది అందుకే. అబద్ధం చెప్పినవాళ్ల మీద వచ్చే కోపం ఆమెకు ముప్పై నాలుగేళ్లుగా తెలుసు, అది చల్లగా ఉంటుంది. ఆ రోజు వచ్చింది అది కాదు. ముఖం కాలింది. పిల్ల వీపు కోసం చేశాననుకుంది. పిల్ల వీపు వెనక దాక్కుంది.

పదీ యాభై ఐదు. తొమ్మిదిళ్లు. పర్వతాలు గేటు తీసిన చప్పుడు. లచ్చమ్మ లోపలికి వచ్చింది, ముదురు ఆకుపచ్చ చీర, ఇస్త్రీ మడత ఇంకా విప్పుకోనట్టున్న చీర. కుర్చీల మధ్య నుంచి కాకుండా గోడ వెంట నడిచి, మూడో స్తంభం దగ్గర నిలబడింది. "ఎవరు మేడమ్ ఈమె? ఓ, ఆమెనా?" అని రాఘవేందర్ గొంతు సవరించుకుని, "కూసో అమ్మా, కుర్చీలు ఖాళీగున్నయి" అన్నాడు. "నిలవడ్త సార్. ఇక్కడ నాకు నిలవడుడే అలవాటు" అంది లచ్చమ్మ. మెట్ల మీద చప్పుడైంది. నిద్రలేచి జుట్టు ముడివేసుకుంటూ భానుప్రియ దిగి వచ్చి, ఆ రోజు నిలబడిన మెట్టు మీదే కూర్చుంది.

అప్పలలక్ష్మిగారు లేచి నిలబడి కాగితం తీశారు. గలీబు బల్ల మీద పరిచారు. చదివారు. రెండు మందులు కలిపి మొటిమలకు వాడే జెల్ రంగు బట్టలకు తగిలితే రంగు వెలిసిపోతుందనీ, ముఖానికి రాసుకున్నది దిండుకూ తువ్వాలుకూ అంటడం వల్లే ఈ మచ్చలు పడతాయనీ, తమ ఇంట్లో భానుప్రియకు ఆ మందు వాడుతుండేవారమనీ, ఇందులో ఉతికేవాళ్ల దోషం ఏమీ లేదనీ, 2005 జూన్ పంతొమ్మిదిన లచ్చమ్మ మీద అసోసియేషన్ తీసుకున్న నిర్ణయం అవగాహన లోపం వల్ల జరిగిన పొరపాటనీ. హిమజ చెయ్యి దానంతటదే గడ్డం మీదికి వెళ్లింది. "ఓ మై గాడ్, నా టవల్స్..." అంటూ కామరాజు వైపు తిరిగి, "సారీ కామరాజూ" అంది. కామరాజు వెనక కట్టుకున్న చేతులు విప్పుకున్నాడు. రాఘవేందర్ కుర్చీలో వెనక్కి వాలి, "అయిపోయింది మేడమ్, మీది పెద్దమనసు. ఎవరు చెప్తరు గిట్ల ఈ దినాలల్ల? పొరపాటు ఎవరికైనా అయితది. ఏమమ్మా, ఖుషేనా?" అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టబోయారు. చప్పట్లు. అంతటితో కూర్చోవచ్చు. కుర్చీ అంచు మోకాళ్ల వెనక తగులుతోంది. కూర్చుంటే చాలు, పెద్దమనసు మిగులుతుంది, తొమ్మిదేళ్ల కార్యదర్శి పదవి మిగులుతుంది, సిస్టర్ ఆలిస్ కథ మళ్లీ చెప్పుకునే హక్కు మిగులుతుంది. లచ్చమ్మ కాగితం వైపు చూడటం లేదు, ఆమె వైపే చూస్తోంది. తర్వాత చూపు తిప్పుకుని, కొంగు సర్దుకుని, వెళ్లడానికి గోడ వైపు ఒక అడుగు వేసింది.

"ఆగు లచ్చమ్మా. ఇంకా ఉంది." ఆ గొంతు తనదేనా? కాగితం బల్ల మీద బోర్లా పెట్టారు. "అవగాహన లోపం అన్నది అబద్ధం. పొరపాటు అన్నదీ అబద్ధం. అసోసియేషన్ కాదు, నేను. మందు డబ్బాలోని కాగితం ఆ విచారణకు ఇరవై రెండు రోజుల ముందే చదివాను, రంగు వెలిసిపోతుందన్న వాక్యం కింద గీత కూడా గీశాను. ఆ కాగితం ఇదుగో. ఈవిడ నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఆ నిమిషంలోనే తెలిసింది. తెలిసే వెళ్లగొట్టాను. తెలిసే నోటీసు టైపు చేశాను. మర్నాడే వెళ్లి తెల్ల గలీబులు కొన్నాను, మచ్చ కనపడకూడదని. మూడేళ్లు కనపడనీయలేదు. ఈవిడ చేతులు వాసన చూశాను నేను. ఇది నా పేరుతో రాసి, సంతకం పెట్టి, ఆ బోర్డు మీదే నలభై రోజులు ఉంచుతాను. ఆ తర్వాత నేను కార్యదర్శిని కాను."

సెల్లారు ఆ మాటల్ని నాలుగు గోడలకూ తాకించి వెనక్కి తెచ్చింది. మెట్టు మీద భానుప్రియ కదలలేదు, ఈసారి వీపు చూపించలేదు. తన రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయని, అరచేతులు పైకి తిరిగి ఉన్నాయని, పదకొండేళ్ల పిల్లలా నిలబడి ఉన్నానని అప్పలలక్ష్మికి అప్పుడు తెలిసింది. వెనక్కి తీసుకోవాలనిపించలేదు. లచ్చమ్మ స్తంభం దగ్గర నుంచి వచ్చింది. ఆ చేతుల్ని పట్టుకోలేదు. సిస్టర్ ఆలిస్ చేసినట్టు ఏమీ చేయలేదు, ఎందుకు చేయాలి? బల్ల మీది మెరూన్ గలీబు తీసుకుని, ఒకసారి విదిలించి, మచ్చ లోపలికి పోయేలా అంచుకు అంచు కలిపి, రెండు మడతలు, నాలుగు మడతలు వేసి, మూడు చుక్కలూ ఒక గీతా ఉన్న మూల పైకి వచ్చేలా అరచేత్తో అద్ది, బట్టలు అప్పజెప్పే మనిషి అప్పజెప్పినట్టు ఆ చాచిన చేతుల్లో పెట్టింది.

"ముట్టిందమ్మా" అంది. "మొత్తం ముట్టింది."